యాభై రెండు రావలసిన కత్తులు

అక్టోబర్ 2, గురువారం. దసరా.

ఈ డైరీ ఎరువుల దుకాణపాయన జనవరిల ఇచ్చిండు. అప్పటికెళ్లి పప్పు డబ్బాలు ఒరగకుంట అడ్డం పెట్టేటందుకే పనికొచ్చింది. ఇయ్యాల గుంజి దుమ్ము దులిపిన. నా ముచ్చట్లు వినేటోళ్లు తగ్గిపోయిండ్రు, అదీ సంగతి. మొదలు పెట్టంగనే మా ఇంటామె అనసూయమ్మ "ఇది మొన్న పుష్కరాలప్పుడు చెప్పినవ్" అంటది. కాగితం గట్ల అనదు.

ఈసారి దసరా వచ్చి గాంధీ జయంతి మీద పడ్డది. మాంసం బందు, మందు బందు. నిజామాబాద్ అంత నిన్ననే కొనుక్కొని ఫ్రిజ్జులల్ల దాచిపెట్టుకున్నది. పండుగ పూట ఇండ్ల తలుపులు దగ్గరికేసి గాంధీ తాతకు వాసన పోకుంట వండుకున్న ఊరు ఇంకోటి ఉంటదో లేదో.

పొద్దున షటరు ఎత్తి పూజ చేసినం. అనసూయ పళ్లెం పట్టుకున్నది, నేను పసుపు కుంకుమలు పెట్టిన. మొదటి బొట్టు రాక్‌వెల్ మిషనుకే. కాగితానికి తెలువదు కాబట్టి చెప్తున్న: ఇనుము ఎంత గట్టిదో చెప్పే మిషను ఇది. కింద ఉక్కు పీట ఉంటది. దాని మీద ముక్క పెట్టి చక్రం తిప్పుతే పీట లేస్తది, మీదికెళ్లి వజ్రపు మొన ముక్కల దిగుతది. ముందు కొంచెం బరువు, ఆ తర్వాత పెద్ద బరువు. మొన ఎంత తక్కువ దిగుతే ముక్క అంత గట్టిది. గడియారం అసొంటి ముఖం మీద ముల్లు నంబరు చూపిస్తది. దీనికి ఇంజినీరింగు అక్కర లేదు. పుస్తకం ఇంగ్లీషుల ఉంటె డిక్షనరీ పక్కన పెట్టుకొని నేర్చుకున్న. ఒక్కొక్క మాటకు ఒక్కొక్క బీడీ అయ్యింది.

పోశన్న జమ్మి ఆకు తెచ్చి చేతుల పెట్టి అలయ్ బలయ్ తీసుకున్నడు. మా సందులనే ఆయన కొలిమి. ఇనుమును ఎర్రగ కాల్చి నూనెల ముంచి గట్టి చేసుడు ఆయన పని, ఎంత గట్టిగయ్యిందో చూసుడు నా పని. బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ నడిచిన కాలంకెళ్లి మా ఇద్దరిది గిదే వరుస. ఈ సీజన్ బోధన్ దిక్కు ఒక ప్రైవేటు మిల్లు చెరుకు నరికే కత్తుల పని పోశన్నకే ఇచ్చింది. ఈ పని నిలవడితె కొలిమి నిలవడ్తది, లేకుంటె ఊదుడు బంద్ చేసుడే అని ఆయన భార్య హన్మవ్వ అనసూయతోని అన్నదట.

మంచి దినం. అందరు బాగుండాలె.

అక్టోబర్ 7, మంగళవారం

కత్తుల మొదటి దఫా వచ్చింది. మిల్లుల రోలర్ల కంటె ముందుగాల తిరిగి గడలను తుక్కు చేసే కత్తులు. మెత్తగుంటె తొందరగ మొండివారుతయ్, మరీ గట్టిగుంటె రాయి తగిలి పెచ్చులు లేస్తయ్. యాభైకి తక్కువ రావద్దని మిల్లు షరతు, దఫా దఫాకు నా చిట్టీ ఉండాలె. పోశన్న చేతి కత్తి ఎప్పుడు పెట్టినా యాభై రెండు. కండ్లు మూసుకొని రాసియ్యచ్చు. నేనైతె మూసుకోను.

ఇయ్యాల నలభై ఎనిమిది వచ్చింది. ఇంకొకటి పెట్టిన. దానికంటె తక్కువ.

పోశన్నకు చెప్పలే. రేపు మల్ల చూస్త.

అక్టోబర్ 8

నలభై ఎనిమిదే.

అక్టోబర్ 9

అడిగిన. సుట్టు తిప్పి అడిగిన. నూనె మార్చినవా అంటె పాత నూనెనే అన్నడు. మంట? పాత మంటనే. ఉక్కు? అక్కడ కొంచెం ఆగిండు. బీడీ ముట్టిచ్చుకునేటందుకు ఆగినట్టు చేసిండు, కని నేను చూసిన. ఉక్కు ఈసారి అనిల్‌కుమార్ తెచ్చిండట.

అనిల్‌కుమార్ అంటె పోశన్న అల్లుడు. వారంల సగం దినాలు హైదరాబాద్ల ఉంటడు, రెండు ఫోన్లు పట్టుకొని తిరుగుతడు. ఒక్క మనిషికి రెండు ఫోన్లు ఎందుకు? ఒకటి నిజం మాట్లాడేటందుకు అనుకో. రెండోది?

నా దుకాణంకు నమ్మకం ఉన్నోడు ఎవ్వడు రాడు. నమ్మినోడు కొనుక్కొని ఇంటికి పోతడు. నమ్మనోడే ముక్క పట్టుకొని నా దగ్గరికొస్తడు. వెనకట స్వీడన్ దేశంల బ్రినెల్ అని ఒకాయన ఉక్కు గోలీని ఇనుము మీద ఒత్తి, పడ్డ గుంతను కొలిచి గట్టిదనం చెప్పిండు. నాకేమనిపిస్తదంటె, ఆయనకు ఎవడో కమ్మరి మెత్తటి ఇనుము అంటగట్టి ఉంటడు. లేకుంటె మనిషికి అసొంటి తెలివి ఊరికెనే రాదు. అనసూయ లడ్డు పాకం చూసేటప్పుడు ఇంత తీసి నీళ్లల్ల వేసి వేలుతోని ఒత్తుతది. అది గూడ బ్రినెలే. పాకం మీద ఆమెకు నమ్మకం లేదు.

అక్టోబర్ 11, శనివారం

చిట్టీ రాసిచ్చిన. నలభై ఎనిమిది. పనికి రాదు.

దోస్తానా పక్కకు, ముల్లు పక్కకు. పోశన్న చిట్టీని చానసేపు చూసిండు, ఇంకోపారి కాల్చి తెస్తనని పోయిండు. వాదించలే. తప్పు లేనోడు వాదిస్తడు కదా.

అక్టోబర్ 13, సోమవారం

మల్ల కాల్చి తెచ్చిండు. నలభై ఎనిమిది.

మిషను సరిగ చెప్తున్నదా లేదా అని చూసేటందుకు ఒక ఉక్కు బిళ్ల ఉంటది. దాని గట్టిదనం ఎంతో కంపెనీవాళ్లు దాని మీదనే చెక్కి పంపిస్తరు. నా పాత బిళ్ల మీద మొన దిగని జాగ లేదు, అమ్మవారు పోసిన మొఖం లెక్క అయ్యింది. అందుకని మొన్న హైదరాబాద్‌కెళ్లి కొత్తది తెప్పిచ్చిన. అరవై అని చెక్కి ఉన్నది. ఇయ్యాల పెడితె యాభై ఆరు.

ఇంకోడైతె మిషను చెడిపోయిందని బెంగ పడుతుండె. నేను ఆలోచన చేసిన. ఆ కొత్త బిళ్లను హైదరాబాద్‌కెళ్లి తెచ్చిచ్చిందెవరు? అనిల్‌కుమార్. అరవై అని చెక్కుడు ఎంత పని? చార్మినార్ కాడ బియ్యపు గింజ మీద పేరు చెక్కుతరు.

పాత బిళ్ల మీద గుంతల నడుమ ఇంత సందు వెతికి చూసిన. అది గూడ తక్కువనే చూపిచ్చింది. ఏండ్ల పొద్దు అయ్యింది దానికి. ఉక్కు ఊరికెనే మెత్తవడదని నాకు తెలుసు. కని ఏండ్ల పొద్దు అయ్యింది.

అక్టోబర్ 16, గురువారం

మిల్లుకెళ్లి అఖిలేష్ అనే ఇంజినీరు పిలగాడు వచ్చిండు. మంచి మర్యాద. పొద్దున కొన్న సబ్బు లెక్క ఉన్నడు. జేబులకెళ్లి ఫోనంత డబ్బా తీసిండు, దానికి తీగ, తీగ కొసకు పెన్ను. పెన్నును కత్తి మీద ఆనిచ్చి మీట ఒత్తుతే లోపల చిన్న గోలీ కొట్టుకొని ఎగురుతదట. ఎంత ఎగురుతే అంత గట్టిది. టక్కుమన్నది. యాభై రెండు.

"సార్, ఇంకోసారి చూస్తారా?" అన్నడు.

చూసిన. నాది నలభై ఎనిమిది, ఆయనది యాభై రెండు. ఎగిరే గోలీ చెప్పేది నమ్ముతవా, నూట యాభై కిలోల బరువు చెప్పేది నమ్ముతవా అని అడిగిన. మా మిల్లుల మీ చిట్టీనే నడుస్తది సార్, రూలు అట్లనే ఉన్నది అన్నడు. మెత్తగ అన్నడు. అంత మెత్తగ ఎందుకన్నడు? పోయేటప్పుడు అనిల్‌కుమార్ బండి మీదనే బస్టాండు దాక పోయిండు. ఇద్దరు నవ్వుకుంట పోయిండ్రు.

ఇప్పుడు సమజైంది. యాభై రెండు అని చెప్పే డబ్బా ఒక్కటి మిల్లుల ఉంటె, రేపు నా చిట్టీ ఎందుకు?

అక్టోబర్ 18, శనివారం

పోశన్న కొలిమి బంద్ పెట్టి వచ్చిండు. చేతులు గూడ కడుక్కోలే. అసొంటి మాటలు ఆయన నోట ఎన్నడు వినలే, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్న.

"ఆత్మన్నా, ఒక్క మాట చెప్పు. నేను చెడగొట్టిన్నా, లేకుంటె చెడగొట్టిన్నని నీకు అనిపిస్తున్నదా?"

ముల్లు ఏం చూపిస్తె గదే రాస్త అన్న.

"ముల్లు నీ దుకాణంలనే ఉన్నది కదనే."

గంతే అని పోయిండు. ఆ మాటకు అర్థమేంది? మిషను నేనే తిప్పిన్నని కదా? చూసినవా, నన్నే అనుమానిస్తున్నడు. ఇన్నేండ్ల దోస్తానాకు గిదా దొరికింది. మనిషిని అనుమానించుడు ఎంత చెడ్డ గుణమో ఇయ్యాల తెలిసింది.

అక్టోబర్ 20. దీపావళి.

ప్రతి ఏడు హన్మవ్వ తీపి గరిజెలు చేసి పంపిస్తది. రాలే. మనం పంపిద్దామా అని అనసూయ అడిగితె వద్దన్న. ఆమె అప్పటికే పంపిచ్చి నన్ను అడిగిందని తర్వాత తెలిసింది.

అక్టోబర్ 24, శుక్రవారం

మిల్లు కత్తుల పని నాందేడ్ వాళ్లకు పోయింది. నవంబర్ల గానుగ మొదలు కావాలె, ఆగలేమన్నరట. పోశన్న కొలిమికెళ్లి పొగ లేస్తలేదు.

నాకు బాధ లేదని కాదు. తప్పు చేసినోనికి శిక్ష పడ్డది, తప్పేందో ఇంక దొరకలే, గంతే.

అక్టోబర్ 27, సోమవారం

వేల్పూర్‌కెళ్లి అంజవ్వ అనే పసుపు రైతు ఆటోల ఒక ఇనుప కడ్డీ వేసుకొని వచ్చింది. పసుపు కొమ్ములకు మెరుగు పెట్టే డ్రమ్ముల తిరిగే షాఫ్టు. లేతు మిషనోడు గట్టి చేసిన్నని పైసలు గుంజిండు, చేసిండో లేదో సూడు బాపు అన్నది. ఆమె గూడ నమ్మకం లేకనే వచ్చింది, కూసోమన్న. కూసోని పసుపు ముచ్చట పెట్టింది. కొమ్ము ఎండిందో లేదో చూసేటందుకు వాళ్లు మధ్యకు ఇరుస్తరు, ఇనుము లెక్క ఠంగుమంటె ఎండినట్టు. మరి బేరగాడు? వాడు ఠంగుమన్నా చెవుడొచ్చినట్టు కూసుంటడు బాపు అన్నది.

గుండ్రని కడ్డీని ఎప్పటి సదరు పీట, అంటె చదును పీట, మీద పెడితె దొర్లుతది. దానికి నడుమ గాడి ఉన్న పీట వేరే ఉంటది, అల్మారీల పడి ఉన్నది. అది వేసేటందుకు చక్రం దించి, సదరు పీటను పట్టుకొని మీదికి గుంజిన.

పీట అడుగున పసుపు. పసుపుల కుంకుమ. దాంట్ల రెండు బియ్యపు గింజలు నలిగి అంటుకొని ఉన్నయ్.

అంజవ్వ లేచి వెనుకకు జరిగింది. "ఎవలో చేసిండ్రు నీకు బాపు" అన్నది.

నేను అసొంటివి నమ్మను. బాణామతి లేదు, ఏం లేదు, అని ఊరూరు తిరిగి చెప్పినోళ్ల మీటింగులల్ల కుర్చీలు సదిరినోణ్ని నేను. నమ్మను. గాడి పీట వేసి కడ్డీ చూసిన, మంచిగనే గట్టిగున్నది, లేతాయన దొంగ కాదు. అంజవ్వకు అది నచ్చినట్టు లేదు. ఇంత దూరం వచ్చినందుకు దొంగ అయితెనే బాగుండె అన్నట్టు మొఖం పెట్టి పోయింది.

ఆ తర్వాత సదరు పీట అడుగు గీకి, తుడిచి వేసి కొత్త బిళ్లను చూసిన. అరవై. పోశన్న ఇడిసిపోయిన కత్తి ఒకటి ఉంటె చూసిన. యాభై రెండు.

పీట కింద చెత్త ఉంటె బరువు పడ్డప్పుడు పీట ఇంత కుంగుతది, ముల్లు ఆ కుంగుడును గూడ ముక్క మెత్తదనం కిందనే లెక్కవేస్తది. పుస్తకంలనే ఉన్నది, కింద గీత గీసుకున్న గూడ. అంటె మంత్రం కాదు, మస్తు తెలివి. మిషను గుట్టు తెలిసినోడు చేసిన పని. గీకిన పసుపును కాగితంల పొట్లం కట్టి పెట్టిన. సాక్ష్యం.

ఎవరు పెట్టిండ్రు?

అక్టోబర్ 28, మంగళవారం

రామ్‌దాస్ హోటల్ల చాయ తాగిన. సందు మలుపుల ఆయన హోటలు, ఊరి ముచ్చటంత అక్కడనే ఉడుకుతది. పీట కింద ఏం దొరికిందో చెప్పిన. నేను ఎవ్వరి పేరు తియ్యలే. దసరా తర్వాత నా షటరు లోపలికి ఎవరెవరు వచ్చి పోయిండ్రో గంతవరకే చెప్పిన. పోశన్న పేరు వచ్చింది, వచ్చినాయనే కదా. అనిల్‌కుమార్ పేరు వచ్చింది. అఖిలేష్ పేరు వచ్చింది. హన్మవ్వ పేరు నేను తియ్యనే లేదు.

రామ్‌దాసే, "హన్మవ్వకు బోనాలప్పుడు పూనకం వస్తది కదా" అన్నడు. ఎవరో ఊఁ కొట్టిండ్రు.

నేను ఊఁ కొట్టలే. చాయ తాగుతున్న.

అక్టోబర్ 31, శుక్రవారం

హన్మవ్వ వచ్చింది. నేను షటరు ఎత్తుతున్న, ఆమె గడప అవుతల నిలవడ్డది. లోపలికి రమ్మంటె రాలే. ఆమె అనంగ విన్నది రాస్తున్న.

"అన్నా, నీ దుకాణం గడప నేను తొక్కక ఎన్ని ఏండ్లాయె? పోయినేడు చెయ్యి కాలినప్పుడు గూడ బయటనే నిలవడి అనసూయక్కను పిలిసిన. నువ్వు నా పేరు తియ్యలేదంట. మరి నువ్వు తియ్యకుంటనే బజారంత నా పేరు ఎట్ల తిరుగుతున్నది?"

నేనేదో అనబోయిన.

"పక్కింటి వర్ష పనికి పోయేటప్పుడు బిడ్డను నా దగ్గర ఇడిసి పోతుండె. ఆ పిల్ల నా చేతి బువ్వ తప్ప తినది. మొన్నటికెళ్లి ఇడుస్తలేదు. తల్లి చేతులకెళ్లి నన్ను చూసి చేతులు సాపుతున్నది, తల్లి కొంగు కప్పి తీసుకపోతున్నది. కొలిమి పోతె పోనీ, కూలికి పోత. ఇది ఏడికి పోయి కడుక్కోవాలె?"

కండ్లల్ల నీళ్లు లేవు. అది ఇంక కష్టంగుండె. పోయింది.

అదే రోజు, మధ్యాహ్నం

అన్నం పెట్టుకుంట అనసూయ అడిగింది, హన్మవ్వ ఎందుకొచ్చిందని. చెప్పిన. పొట్లం చూపిచ్చిన. ఆమె ఇప్పి చూసి, వాసన చూసి, నా దిక్కు చూసింది. తిట్టేటప్పటి చూపు కాదు. పిల్లలకు జ్వరమొచ్చినప్పటి చూపు.

"ఇది నువ్వే పెట్టినవ్ కదయ్యా. పళ్లెం నేనే పట్టుకుంటి."

పెట్టిన, కని మీద పెట్టిన అన్న. మీద గూడ పెట్టినవ్, పీట గుంజి కింద గూడ పెట్టినవ్ అన్నది. నేను బోధన్ ఫ్యాక్టరీల ఉన్నప్పుడు ఫిట్టర్లు నూనె గుడ్డతోని మీది బొట్టు తుడిచేస్తరని, కింద ఒకటి పెట్టుడు నాకు అప్పటి అలవాటట. ప్రతి దసరాకు కింద పొడి బొట్టే పెడుతుంటినట, ఈసారి నీళ్లు ఎక్కువై ముద్దగయ్యిందట, రాలిపోతదని అక్షింతలు వేసి అదిమిన్నట. "గట్టిగ అంటుకోనీ అన్నవ్" అన్నది.

అనసూయ అబద్ధం ఆడదు. కని ఈ నడుమ ఆమె గూడ మరిచిపోతున్నది, మొన్న పాలు పొంగబెట్టింది. ఇంకోటి, హన్మవ్వ అంటె ఆమెకు పానం.

ఆమె కుట్టు మిషనును ఒక పక్కకు ఒరిగిచ్చి చూపిచ్చింది. అడుగున పసుపు, రెండు బియ్యపు గింజలు. తూకం కాంటాను బోర్లేసింది. పసుపు, రెండు గింజలు. మిక్సీ లేపబోతుంటె చాలన్న.

నవంబర్ 1

పోలే. పోశన్న కాడికి పోవాలె, కని మోకాలు నొప్పి.

నవంబర్ 2

మోకాలు నొప్పి తగ్గింది. పోలే.

నవంబర్ 3, సోమవారం

ముందు మిల్లుకు పోయిన, అది సులువని. బస్సుల పోయేటప్పుడు రోడ్డుకు సగం వడ్లు ఆరబోసి ఉన్నయ్, డ్రైవరు వాటిని తప్పిచ్చుకుంట తప్పిచ్చుకుంట తీసుకపోయిండు. నేను గూడ చెప్పవలసిన మాటను గట్లనే తప్పిచ్చుకుంట చెప్పిన. అఖిలేష్‌కు సమజైంది. నవ్వలే. నాందేడ్‌కు ఇచ్చింది వెనుకకు తీసుకోలేము సార్, వచ్చే సీజనుకు పోశన్నగారి పేరు నేనే పెడత అన్నడు. ఆ పిలగాడు మంచోడే. అంత మంచోడెందుకో తెలువదు.

అటుకెళ్లి అటే కొలిమి కాడికి పోయిన. పోశన్న చల్లటి కొలిమి ముంగట కూసోని గొడ్డలికి పిడి వేస్తున్నడు. చెప్పిన. మొదటికెళ్లి చెప్పిన, నా అలవాటు ప్రకారం దసరాకెళ్లి, గాంధీ జయంతికెళ్లి మొదలు పెట్టి. మధ్యల ఆపలే ఆయన. నేను అయిపోగొట్టినంక, పిడి గుంజి చూసి, "నాకు చెప్తె ఏమొస్తదే, బజార్ల చెప్పు" అన్నడు.

అనిల్‌కుమార్ లోపలికెళ్లి నీళ్లు తెచ్చిచ్చిండు. తాగిన. రెండో ఫోను పోశన్న కూతురిదట, బాగు చేపియ్యడానికి పట్టుకొని తిరుగుతున్నడట.

నవంబర్ 4, మంగళవారం

రామ్‌దాస్ హోటల్ల చెప్పిన. నిలవడి చెప్పిన. నా బతుకుల నేను చెప్పిన ముచ్చట్లల్ల గిదే అందరు విన్నది. ముసలోడు తన చేత్తోని పసుపు అదిమి, తానే గీకి, తానే పొట్లం కట్టి ఊరంత బాణామతి అనుకునేటట్టు చేసిండని చెప్పంగ చెప్పంగ నవ్విండ్రు. గొంతుల చాయ అడ్డం పడి దగ్గిండ్రు. నాకు ఖుషీ అయ్యింది. అయిపోయింది గొడవ అనుకున్న.

అప్పుడు రామ్‌దాస్ గ్లాసులు తీసుకుంట, నెమ్మదిగ అన్నడు, "మంచిగ చెప్పినవ్ బాపు. ఆమె దుకాణం కాడికొచ్చి ఏమని బెదిరిచ్చింది?"

ఊరంత గదే అనుకుంటున్నదట. హన్మవ్వ శుక్రవారం పొద్దున గడప కాడ నిలవడి ఏదో అన్నదట, ఆత్మారాం భయపడి మాట మార్చిండట. నేను ప్రమాణం చేసిన. ప్రమాణం చేస్తున్నడంటె ఎంత భయపడ్డడో చూడు అన్నట్టు చూసిండ్రు.

అనుమానంకు కొలత లేదు. ఏ మొనతోని ఒత్తినా గుంత పడదు. నాకు తెలియంది కాదు, నా లోపల చూసుకుంటె సరిపోతుండె.

నవంబర్ 5, బుధవారం. కార్తీక పౌర్ణమి.

ఇది అనసూయ ఆలోచన. హన్మవ్వను పిలిచి బజారంత చూడంగ మిషనుకు బొట్టు పెట్టియ్యి, ఆమె చేతిది నువ్వు పెట్టిచ్చుకుంటె ఇంకెవ్వరేమంటరు అన్నది. పిలిచేటందుకు నన్నే పంపింది. వాకిట్ల నిలవడి అడిగిన. హన్మవ్వ దీపాలకు వత్తులు చేస్తున్నది. నేను అడుగుతున్నా చేతులు ఆపలే.

"నీ మిషనుకు నా చేతి బొట్టు ఎందుకన్నా? రేపు ముల్లు అటు ఇటు అయితె మల్ల నా మీదికి వస్తది."

వచ్చేసిన.

పొద్దు గూకంగ ఆమెనే వచ్చింది. వెనుక పోశన్న రాలే. సందుల అందరి వాకిళ్లల్ల దీపాలు, అందరు బయటనే ఉన్నరు, రామ్‌దాస్ గూడ. హన్మవ్వ నా దుకాణం దిక్కు చూడలే. మెట్ల మీద కూసున్న అనసూయ దగ్గరికి పోయి, కాళ్లకు పసుపు రాసి, నొసట బొట్టు పెట్టింది. అనసూయ తన పళ్లెంల పసుపు తీసి హన్మవ్వ కాళ్లకు రాసింది. ఆగి ఆగి రాసింది, అందరికి కానరావాలని. హన్మవ్వ పాదాల మీద కొలిమి మచ్చలు ఉన్నయ్. ఇద్దరు ఏం మాట్లాడుకున్నరో వినరాలే.

మిషను నా వెనుక చీకట్ల ఉన్నది. దానికి ఎవ్వరు ఏం పెట్టలే.

నవంబర్ 12, బుధవారం

వర్ష బిడ్డ ఇయ్యాల హన్మవ్వ అరుగు మీద ఆడుకుంటున్నది. హన్మవ్వ బువ్వ కలిపి పెడుతున్నది. వర్ష గూడ పక్కన్నే కూసోని ఉన్నది. ఇదివరకు కూసోకపోతుండె.

నవంబర్ 15

కొలిమికెళ్లి పొగ లేచింది. కొడవండ్లకు పదును పెడుతున్నడట. చిన్న పని.

నవంబర్ 19, బుధవారం

పోశన్న వచ్చిండు.

తువ్వాలల చుట్టి ఒకటే కత్తి. చందూర్ రైతుది, గడ్డి కోసే మిషనుదట. గట్టిదనం చూసి చిట్టీ కావాలన్నడట. నేను చెయ్యి సాపిన. ఆయన ఇయ్యలే. కత్తిని బల్ల మీద పెట్టి, మిషను కాడికొచ్చి, చక్రం దించి, రెండు వేళ్లతోని పీటను మీదికి గుంజిండు. అడుగు తిప్పి చూసిండు. అది కూసునే రంధ్రంల వేలు పెట్టి చూసిండు. తువ్వాల కొసతోని రెండు తుడిచిండు. వేలిని కండ్ల ముంగటికి తెచ్చుకొని చూసుకొని, పీటను మల్ల పెట్టి, కుదురుకునేటట్టు ఇంత తిప్పిండు. అప్పుడు కత్తి పెట్టి, పక్కకు జరిగి, "తిప్పు" అన్నడు.

నేను తిప్పిన. ముల్లు ఎక్కడ ఆగుతదో ఆయన నా భుజం మీదికెళ్లి వంగి చూస్తున్నడు. బీడీ వాసన. ఇన్నేండ్లల్ల ఎన్నడు గట్ల వంగి చూడలే, అవుతల కూసోని చాయకు కేకేస్తుండె.

యాభై రెండు.

రాసిచ్చిన. చదువుకొని మడత పెట్టి జేబుల వేసుకున్నడు. కూసో, చాయ తెప్పిస్త అన్న. పని ఉన్నదన్నడు. గడప కాడ ఆగి, "మల్లొస్త ఆత్మన్నా" అన్నడు. అంటె వస్తడు. వచ్చినప్పుడల్లా పీట ఎత్తి చూస్తడు. చూసుకోనీ. ఆయనకు ఆ హక్కు ఉన్నది.

ఆయన సందు మలుపు తిరిగేదాంక చూసిన. ఆ తర్వాత షటరు సగం దించి, పీట మీదికి గుంజి, నేను గూడ ఒకసారి కింద చూసిన.

ఏం లేదు.